నలభై ఏళ్ళ ఆలస్యం

ఓల్నీలో గురువారం సంత. మిల్టన్ కీన్స్ నుంచి ఉత్తరంగా పదిమైళ్ళు, బస్సులో అరగంట పైచిలుకు. మొదటిసారి నేను అక్కడికి వెళ్ళింది చరిత్ర కోసం కాదు. "సంత రోజున వెళ్ళు, ఊరు కళకళ్ళాడుతుంటుంది" అని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. ఆ గురువారం నాకు సెలవు. అంతే.

నేనుండే మిల్టన్ కీన్స్‌ని 1967లో కొత్త పట్టణంగా ప్రకటించి, ముందు కాగితం మీద గీసుకుని, తర్వాత నేల మీద కట్టారు. హైదరాబాద్‌లో రాళ్ళగుట్టల మీద అద్దాల మేడలు లేవడం చూసి వచ్చినవాణ్ణి కాబట్టి నాకందులో వింతేం కనపడలేదు. ఓల్నీ అలాంటి ఊరు కాదు. గ్రేట్ ఊజ్ నది పక్కన ఒకటే పొడవాటి వీధి, రాతి ఇళ్ళు, ఒక చివర మార్కెట్ ప్లేస్, ఆ వెనక పద్నాలుగో శతాబ్దపు చర్చి. ఆ చర్చి శిఖరం సూదిమొనలా చాలా దూరం నుంచే కనపడుతుంది. జనాభా ఆరున్నర వేలకి కాస్త అటూ ఇటూ. మన లెక్కలో ఒక మోస్తరు మేజర్ పంచాయతీ.

ఆ ఊరికి ప్రపంచంలో రెండు పేర్లున్నాయి. ఒకటి అట్ల పరుగుపందెం. ఈస్టర్‌కి ముందొచ్చే నలభై రోజుల ఉపవాసాలకి ముందురోజు, మంగళవారం నాడు, ఊరి ఆడవాళ్ళు ఏప్రన్లు కట్టుకుని, తలకి గుడ్డ చుట్టుకుని, చేతిలో పెనం, పెనంలో అట్టు పట్టుకుని మార్కెట్ ప్లేస్ నుంచి చర్చి దాకా పరిగెత్తుతారు. 415 గజాల దూరం. 1445లో ఒకావిడ అట్లు పోస్తూ చర్చి గంట విని, పెనంతో సహా పరిగెత్తిందట. అక్కడి నుంచి మొదలైందంటారు. మధ్యలో ఆగిపోతే 1948లో అప్పటి చర్చి గురువు మళ్ళీ మొదలుపెట్టాడు. 1950 నుంచి అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని లిబరల్ అనే ఊరితో పోటీ కూడా నడుస్తోంది. అక్కడ వాళ్ళు, ఇక్కడ వీళ్ళు ఒకే రోజు పరిగెత్తి, ఎవరికెంత సమయం పట్టిందో సరిచూసుకుంటారు. ఊళ్ళో ఉంటున్న ఆడవాళ్ళే పరిగెత్తాలని నియమం. చూడ్డానికి నవ్వొచ్చే పందెమే. కానీ అంతమంది పక్కపక్కన నిలబడి, తెలిసిన మనిషిని పేరుపెట్టి అరుస్తుంటే చూశాక, ఊరంటే ఇదే కదా అనిపిస్తుంది.

రెండో పేరు 'అమేజింగ్ గ్రేస్' పాట. చిన్నప్పుడు నేను చదివిన మిషన్ స్కూల్లో అసెంబ్లీలో పాడించేవాళ్ళు. అర్థం తెలియకుండానే బట్టీ పట్టాను. అది రాసిన జాన్ న్యూటన్ ఈ ఊళ్ళో పదహారేళ్ళు చర్చి గురువుగా ఉన్నాడని, 1773 జనవరి 1న ఇక్కడి జనం కోసమే ఆ పాట రాశాడని నాకు ఆ గురువారమే తెలిసింది. చర్చి ఆవరణలో ఒక మూల ఆయన సమాధి ఉంది. చనిపోయింది లండన్‌లో, 1807లో. 1893లో ఎముకలు తవ్వి తెచ్చి ఇక్కడ మళ్ళీ పూడ్చారు. రాయి మీది మాటలు ఆయన బతికుండగా తనే రాసిపెట్టుకున్నవి. ఒకప్పుడు నాస్తికుణ్ణి, విచ్చలవిడిగా బతికినవాణ్ణి, ఆఫ్రికాలో బానిసలకి సేవకుడిగా ఉన్నవాణ్ణి, దేవుడు దయతో క్షమించి తన పనికి పెట్టుకున్నాడు అని వాటి సారాంశం.

నేను అది రెండుసార్లు చదివాను. బానిసలకి సేవకుడా? నిజమే. కుర్రతనంలో సియెర్రా లియోన్ తీరాన ఒక బానిసల వ్యాపారి దగ్గర చిక్కుకుని, ఆ వ్యాపారి ఇంటి నల్లజాతి స్త్రీ చేతిలో తిండికి మొహం వాచి, కొన్నాళ్ళు నానా బాధలూ పడ్డాడు. రాయి మీద ఉన్నది అదే. ఆ తర్వాత బానిస ఓడకి కెప్టెన్‌గా మూడుసార్లు వందలమందిని కొని, గొలుసులు వేసి, సముద్రం దాటించి అమ్మినదాని గురించి అక్కడ ఒక్క ముక్క లేదు. తను పడ్డ కష్టం ఉంది. పెట్టిన కష్టం లేదు.

కూరగాయల సంచీ పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

*

ఈ కథని మనకి ఎలా చెబుతారంటే: బానిసల ఓడ కెప్టెన్ ఒకడు తుఫానులో చిక్కుకున్నాడు, దేవుణ్ణి పిలిచాడు, మారిపోయాడు, పశ్చాత్తాపంతో పాట రాశాడు. విన్నప్పుడు ఒళ్ళు గగుర్పొడుస్తుంది. తేదీలు పక్కపక్కన పెట్టుకుంటే మాత్రం ఈ కథ నిలబడదు.

తుఫాను 1748లో. అప్పటికి న్యూటన్ కెప్టెన్ కూడా కాదు. ఆ తుఫాను రోజునే తన మనసు దేవుడి వైపు తిరిగిందని జీవితాంతం చెప్పుకున్నాడు, ఏటా ఆ తేదీని పాటించాడు. మరి తిరిగిన మనసుతో ఏం చేశాడు? బానిస ఓడలోనే మేట్‌గా చేరాడు. 1750 నుంచి 1754 దాకా కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు. పైన డెక్ మీద ఆదివారాలు నావికులతో ప్రార్థనలు చేయించాడు. కొత్తగా పెళ్ళయిన భార్య మేరీకి ఓడలోంచి ప్రేమలేఖలు రాశాడు. కింద, అరల్లో సరుకు పేర్చినట్టు మనుషులు. ఆయన లాగ్‌బుక్ ఇప్పటికీ ఉంది. అందులో చనిపోయిన బందీలకి పేర్లుండవు, నంబర్లుంటాయి. ఒకసారి బందీలు తిరగబడబోతున్నారన్న అనుమానంతో కొందరు మగపిల్లల బొటనవేళ్ళకి ఇనుప మరలు బిగించి నిజం చెప్పించారు. మరీ గట్టిగా కాదు, కొద్దిగానే అని కూడా జాగ్రత్తగా రాసుకున్నాడు.

1754లో ఆ పని మానేశాడు. మనస్సాక్షి ఒప్పుకోక కాదు. ఇంకో ప్రయాణానికి బయల్దేరబోతూ మూర్ఛలాంటిదేదో వచ్చి పడిపోతే, డాక్టర్లు సముద్రం వద్దన్నారు. తర్వాత లివర్‌పూల్ రేవులో కస్టమ్స్ ఉద్యోగం. 1764లో ఓల్నీ. అదే ఏడాది అచ్చయిన ఆత్మకథలో, చేతిలో ఎప్పుడూ తాళాలూ సంకెళ్ళూ ఉండే జైలరులాంటి ఆ ఉద్యోగం అప్పుడప్పుడూ ఇబ్బందిగా అనిపించేదని మాత్రం రాశాడు. ఇబ్బంది ఆయన ఉద్యోగంతోనే. ఆ వ్యాపారం తప్పనలేదు. 1773లో పాట. ఆ పాటలో తనని తాను నీచుడిగా చెప్పుకున్నాడు గానీ, చేసిన నీచమేమిటో లేదు. బానిసల వ్యాపారానికి వ్యతిరేకంగా ఆయన మొదటిసారి నోరు విప్పి చిన్న పుస్తకం వేసింది 1788లో. తుఫాను నుంచి లెక్కపెడితే సరిగ్గా నలభై ఏళ్ళు.

ఈ నలభై ఏళ్ళని ఏమనాలి?

*

సులువైన జవాబులు రెండున్నాయి. ఒకటి: దొంగభక్తుడు. రెండోది: ఆ కాలం అలాంటిది.

మొదటిది ఓల్నీలో తిరిగితే నమ్మబుద్ధి కాదు. న్యూటన్ వచ్చేనాటికి అది దరిద్రంలో ఉన్న ఊరు. దారపు కండెలతో లేసు అల్లడం మీద బతికేది. అయిదేళ్ళ పిల్లల్ని లేసు బడుల్లో కూర్చోబెట్టేవాళ్ళు. రాత్రిపూట ఒక్క కొవ్వొత్తి చుట్టూ నీళ్ళు నింపిన గాజుబుడ్లు పెట్టి, వాటిలోంచి చెదిరి పడే వెలుతురులో అంతమందీ అల్లేవాళ్ళు. న్యూటన్ స్నేహితుడు, కవి విలియం కూపర్ మార్కెట్ ప్లేస్‌లోని ఎర్ర ఇటుకల ఇంట్లో ఉండేవాడు. ఇప్పుడది మ్యూజియం, 1900లో తెరిచారు. 1780లో ప్రభుత్వం లేసు పరిశ్రమని ఇబ్బంది పెట్టే చట్టమేదో తెస్తోందని తెలిసి, లండన్‌లో ఉన్న లాయరు స్నేహితుడికి ఉత్తరం రాశాడు కూపర్. ఈ ఊళ్ళో దాదాపు 1,200 మంది లేసు పనివాళ్ళున్నారు, వందలమంది ఆకలి అంచున ఉన్నారు, నా కళ్ళతో చూస్తున్నాను అని. అప్పటి ఊరి జనాభాలో అది సగానికి పైమాటే.

ఆ జనం మధ్య న్యూటన్ మంచి మనిషిగానే బతికాడు. జాన్ థార్న్‌టన్ అనే సంపన్న వ్యాపారి ఏడాదికి 200 పౌండ్లు ఇస్తే, పేదల కోసమూ అతిథుల కోసమూ ఖర్చుపెట్టాడు. పిల్లల్ని పోగేసి కథలు చెప్పేవాడు. 1777లో ఊళ్ళో అగ్నిప్రమాదం జరిగాక, నవంబర్ 5 నాటి దీపాలూ మంటలూ ఈసారికి వద్దన్నందుకు ఒక గుంపు తాగి ఆయన ఇంటి మీదికొస్తే, నాయకుడికి ఒక షిల్లింగ్ ఇచ్చి మెత్తగా మాట్లాడి పంపించాడు. 1773లో కూపర్‌కి మతి చెదిరి చచ్చిపోతానంటుంటే ఏడాదికి పైగా తన ఇంట్లో పెట్టుకుని కాపాడుకున్నాడు. కూపర్ బతికి, మూడు కుందేళ్ళని పెంచుకుని, గొప్ప కవిత్వం రాశాడంటే అందులో న్యూటన్ చలవ ఉంది. దొంగభక్తులు ఇలా ఉండరు.

రెండో జవాబు ఇంకా బలహీనం. ఆ కాలంలోనే, అదే దేశంలో, వేరేగా ఆలోచించినవాళ్ళున్నారు. 1772 జూన్‌లో, పాట పుట్టడానికి ఆరునెలల ముందు, జేమ్స్ సోమర్సెట్ అనే బానిసని బలవంతంగా ఓడెక్కించి దేశం దాటించే హక్కు యజమానికి లేదని లండన్‌లో లార్డ్ మాన్స్‌ఫీల్డ్ తీర్పిచ్చాడు. అదే ఏడాది జాన్ వుల్మన్ అనే అమెరికన్ క్వేకర్ ఇంగ్లండ్‌లో ఊరూరా నడిచి తిరిగి యార్క్‌లో చనిపోయాడు. బానిసలు పండించారని చక్కెర ముట్టని మనిషి. 1774లో జాన్ వెస్లీ బానిసత్వం మీద పుస్తకమే వేశాడు. అప్పుడు న్యూటన్ ఇక్కడ, ఈ చర్చిలో, ప్రతి ఆదివారం దయ గురించి మాట్లాడుతున్నాడు. కాబట్టి కాలం అంతా ఒక్కటే రంగులో లేదు. ఏ కాలమూ ఉండదు.

ఇంకో చిన్న సంగతి. కూపర్ పెరటికీ న్యూటన్ ఇంటికీ మధ్య ఎవరిదో పండ్లతోట ఉండేది. దాంట్లోంచి అడ్డంగా నడిచి వెళ్ళడానికి స్నేహితులు ఏడాదికి ఒక గినీ కట్టేవాళ్ళు. అందుకే దానికి గినీ తోట అనే పేరొచ్చింది. గినీ అన్న నాణేనికి ఆ పేరు ఆఫ్రికాలోని గినీ తీరం నుంచి వచ్చింది. అక్కణ్ణుంచి వచ్చిన బంగారంతో మొదట్లో ఆ నాణేలు పోశారు. న్యూటన్ మనుషుల్ని కొన్నదీ ఆ తీరాల్లోనే. రోజూ స్నేహితుడి ఇంటికి నడిచే దారికి ఆ పేరు. ఆయన గమనించాడో లేదో మరి. రోజూ పలికే పేరు చెవికి ఆనదు.

*

ఇక్కడ నా సంగతి చెప్పాలి. చెప్పకపోతే ఇదంతా వేరేవాళ్ళ పాపాల పట్టిక అవుతుంది.

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఒక ఏడాది మా అపార్ట్‌మెంట్ల సంఘానికి కార్యదర్శిగా చేశాను. ఎవరూ ముందుకు రాకపోతే, చిన్నవాణ్ణని నాకంటగట్టారు. ఒక మీటింగ్‌లో లిఫ్టుల గొడవ వచ్చింది. పొద్దున్న ఆఫీసుల టైమ్‌లో పనివాళ్ళూ, డెలివరీ కుర్రాళ్ళూ, చెత్త బకెట్లూ, అన్నీ ఒకే లిఫ్టులో. పనివాళ్ళకి సర్వీస్ లిఫ్ట్ ఒకటి కేటాయిస్తే సరి అన్నారు. ఎవరూ గొంతు పెంచలేదు, ఎవరూ ఎవర్నీ తక్కువ చేసి మాట్లాడలేదు. చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

సర్క్యులర్ టైప్ చేసింది నేనే. తెలుగులోనూ, ఇంగ్లీషులోనూ. మొదట 'పనివాళ్ళు' అని రాసి, బాగోలేదని కొట్టేసి 'గృహ సహాయకులు' అని మార్చాను. చివర్లో 'దయచేసి సహకరించగలరు' అని పెట్టాను. అక్షరదోషాలు లేకుండా రెండుసార్లు చదివి, ప్రింట్ తీసి, లామినేట్ చేయించి లిఫ్ట్ పక్కన అతికించాను. మర్యాదగా రాశానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

మా ఇంట్లో పదకొండేళ్ళు పనిచేసినావిడ ఉంది. అడక్కుండా ఆవిడ పేరు ఇక్కడ రాయలేను. గేటు దగ్గర ఆవిడకి ఒక పాస్ ఉండేది, దాని మీద నంబరు. మాది ఏడో అంతస్తు. ఆ వేసవిలో సర్వీస్ లిఫ్ట్ పాడై రెండు వారాలు బాగుచేయలేదు. ఆ రెండు వారాలూ ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కి వచ్చింది. పక్కనే రెండు లిఫ్టులు ఖాళీగా పైకీ కిందికీ తిరుగుతూనే ఉన్నాయి. అమ్మ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, టీ ఇచ్చి, పెద్ద లిఫ్ట్‌లో రావచ్చుగా అంది. "పర్లేదమ్మా, రూలు కదా" అంది ఆవిడ. నేను పక్కన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఇడ్లీ తింటున్నాను. రూలు రాసినవాణ్ణి నేనేనని ఆవిడకి తెలుసో తెలియదో. నాకైతే ఏమీ అనిపించలేదు. ఇది నేను ఒప్పుకోవాల్సిన అసలు విషయం. ఏదో గుచ్చుకుని దాన్ని అణిచేసుకోలేదు. అసలు గుచ్చుకోనే లేదు.

బొటనవేళ్ళ మరల గురించి చదువుతూ ఆ 'కొద్దిగానే' దగ్గర ఆగినప్పుడు, నాకు నా 'గృహ సహాయకులు' గుర్తొచ్చింది. లిఫ్టునీ బానిస ఓడనీ ఒకటే అనడం లేదు. అలా అంటే ఆ ఓడలో చచ్చిపోయినవాళ్ళని అవమానించినట్టు. పోలిక నేరాల మధ్య కాదు, రాసిన చేతుల మధ్య. రెండు చేతులూ జాగ్రత్తగా, మర్యాదగా, శుభ్రంగా రాశాయి. ఆ శుభ్రతే రాసేవాడికి మత్తుమందు.

*

మనస్సాక్షి అంటే మనిషి లోపల ఉండే గంట అనీ, తప్పు చేస్తే దానంతటదే మోగుతుందనీ చిన్నప్పుడు చెప్పారు. న్యూటన్ జీవితం చూస్తే ఆ మాట నిలవదు. ఆ మనిషి లోపల చూసుకోవడంలో దిట్ట. రోజూ డైరీ రాసేవాడు, ప్రార్థనలో మనసు నిలవలేదని కూడా బాధపడేవాడు. లోపల గంట ఉంటే వినపడకుండా ఉండే మనిషి కాదు. అయినా ముప్ఫై, నలభై ఏళ్ళు మోగలేదు. తర్వాత ఎందుకు మోగింది?

ఆ చుట్టుపక్కల ఏళ్ళలో జరిగినవి చూడండి. 1783లో క్వేకర్లు పార్లమెంటుకి అర్జీ పెట్టారు. 1785 చివర్లో విల్బర్‌ఫోర్స్ అనే కుర్ర ఎంపీ, అప్పటికి లండన్‌కి మారిన న్యూటన్ దగ్గరికి సలహా కోసం వచ్చాడు. 1786లో క్లార్క్‌సన్ వ్యాసం. 1787లో బానిస వ్యాపార నిర్మూలనకి లండన్‌లో సంఘం ఏర్పడింది. అదే ఏడాది క్యుగోఆనో అనే ఒకప్పటి బానిస, ఒకనాడు లాగ్‌బుక్కుల్లో నంబరు కాగలిగినవాడు, తన పేరుతో తన పుస్తకం అచ్చువేశాడు. 1788లో న్యూటన్ నోరు విప్పాడు. తనంతట తను మేలుకోలేదు. చుట్టూ అలికిడి అయ్యాక మేలుకున్నాడు.

అంటే మనస్సాక్షి కూడా సంతలాంటిది. ఒక్కడితో సంత నడవదు. నలుగురూ అంగడి పెడితేనే అయిదోవాడు సంచీ పట్టుకుని వస్తాడు. దీన్ని బాగా పట్టుకున్నది కూపరే. 1788లో ఆయన రాసిన ఒక వ్యంగ్య కవితలో మాట్లాడేవాడు ఆఫ్రికా వాళ్ళని తలుచుకుని అయ్యో అంటాడు, కానీ చక్కెరా, రమ్మూ లేకుండా ఎలా అంటాడు. చివర్లో ఒక పిల్లాడి కథ చెబుతాడు. తోటి పిల్లలు ఒక పేదవాడి తోటలో యాపిల్స్ దొంగతనానికి బయల్దేరతారు. వీడు వద్దంటాడు. వాళ్ళు నువ్వు రాకపోయినా మేం కోస్తాం అంటారు. అప్పుడు వీడు, ఎలాగూ పోయే కాయలే కదా అని తనూ వెళ్ళి తన వాటా తెచ్చుకుంటాడు. తోటవాడి మీద జాలిపడుతూనే. మా మీటింగ్‌లో చేతులెత్తినప్పుడు నా చెయ్యి లేచింది కూడా ఇలాగే.

అదే కవి అదే ఏడాది, ఒక బానిస తన గొంతుతో మాట్లాడుతున్నట్టు ఇంకో కవిత రాశాడు. దాన్ని వేలల్లో అచ్చేసి పంచారు. టీ బల్ల దగ్గర మాట్లాడుకోవడానికి అని పైన రాసి మరీ పంచారు. ఎందుకంటే టీలో చక్కెర ఉంది. 1791 నుంచి ఊరూరా జనం వెస్టిండీస్ చక్కెర మానేశారు. మొత్తం మూడు లక్షలమంది మానేశారని క్లార్క్‌సన్ అంచనా. ఓటు లేని ఆడవాళ్ళ చేతిలో వంటిల్లుంది. దాన్నే వాడుకున్నారు. 1792లో పార్లమెంటుకి 519 అర్జీలు వెళ్ళాయి.

ఓల్నీ నుంచి మన భాష దాకా ఒక దారం కూడా ఇక్కడే దొరికింది. ఈ ఊళ్ళోని బాప్టిస్టు చర్చి 1786లో విలియం కేరీ అనే చెప్పులు కుట్టే కుర్రవాడికి బోధకుడిగా అనుమతిచ్చింది. 1792లో ఆయన రాసిన పుస్తకంలో, బానిసల చక్కెర మానేసినవాళ్ళ ప్రస్తావన తెచ్చి, మిగిలిన ఆ డబ్బు మంచిపనికి వాడమంటాడు. తర్వాత బెంగాల్ వెళ్ళి శ్రీరాంపూర్‌లో అచ్చొత్తించిన పుస్తకాల్లో 1814 నాటి తెలుగు వ్యాకరణం ఒకటి.

ఈ దారాన్ని లాగుతూ పోతే సంతోషంగా ఆగలేం. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం పోయాక చెరకు కొట్టడానికి చేతులు కావాల్సొచ్చాయి. మన కోరంగి రేవు నుంచి ఓడల్లో మారిషస్ తోటలకి తెలుగు కూలీలు వెళ్ళారు. అక్కడ తెలుగువాళ్ళకి కోరంగీలు అనే పేరే పడిపోయింది. బానిసలు కాదు, ఒప్పందం మీద వెళ్ళిన కూలీలు. మాట మర్యాదగా మారింది. చక్కెర తీపి అలాగే ఉంది. ఒక తప్పు తప్పని ఊరంతా ఒప్పుకునేసరికి, అది పేరు మార్చుకుని పక్క గుమ్మంలో నిలబడి ఉంటుంది.

*

మరి ఆలస్యంగా మేలుకున్నవాడి వల్ల ఏం ఉపయోగం? సమాధి దగ్గర నిలబడి నేను ఆలోచించింది ఇదే. క్షమించడం నా పని కాదు. ఆ హక్కున్నవాళ్ళు సముద్రం అడుగున ఉన్నారు.

కానీ 1788 పుస్తకంలో న్యూటన్ ఒక పని చేశాడు. పాటలో చేయనిది, రాయి మీద చేయనిది. లెక్క చెప్పాడు. ఎలా కొంటారు, ఎలా పేరుస్తారు, పక్కకి తిరగడానికి ఎంత చోటుంటుంది, ఆడవాళ్ళని నావికులు ఏం చేస్తారు, అన్నీ. ఈ ఒప్పుకోలు ఎంత నిజాయితీగా చేసినా, జరిగిన దాన్ని ఆపలేనంత, బాగుచేయలేనంత ఆలస్యమైందని తనే రాశాడు. తర్వాత పార్లమెంటు విచారణలోనూ సాక్ష్యం చెప్పాడు. వ్యాపారాన్ని సమర్థించేవాళ్ళు, మీకేం తెలుసు, మీరు చూశారా అని అందర్నీ నోరు మూయించగలిగారు. ఈయన్ని మూయించలేకపోయారు. చూశాను, నేనే చేశాను అన్నాడు. పాపం చేసినవాడి దగ్గర మాత్రమే ఉండే సాక్ష్యం అది. 'నేను నీచుణ్ణి' అని పాడటం సులువు, ఎవరైనా గొంతు కలుపుతారు. ఏ తేదీన, ఎంతమందిని, ఏ చేత్తో అని చెప్పడమే కష్టం.

అందుకే నాకు ఆ పాట కన్నా ఆ చిన్న పుస్తకం పెద్దదిగా కనపడుతుంది. ఓల్నీ పాటని గుర్తుపెట్టుకుంది. ఊళ్ళు పాటల్నే గుర్తుపెట్టుకుంటాయి, తప్పుపట్టలేం. అట్ల పందెం రోజున వంద రకాల పాత పాపాల గురించి ఎవరూ మాట్లాడుకోరు, మాట్లాడుకోవాలనీ నేను అనను. కానీ రాయి మీద లేని మాటని ఎవరో ఒకరు ప్రతి తరంలో పక్కన నిలబడి చదవాలి.

పోయిన నెల మా సంఘం ఇప్పటి కార్యదర్శికి ఫోన్ చేశాను. లిఫ్ట్ రూలు తీసేయమని అడిగాను. ఆయన నవ్వాడు.

"ఏంటండీ, అది మీ టైమ్‌లో పెట్టిందే కదా? ఇంకా మీ కాగితమే ఉంది అక్కడ."

"అవునండీ, రాసింది నేనే. అందుకే చేశాను" అన్నాను.

వచ్చే మీటింగ్‌లో ఎజెండాలో పెడదాంలెండి అన్నాడు. ఎవరూ ఒప్పుకోకపోవచ్చు, మీరు విదేశాల్లో కూర్చుని చెబితే ఎలా అంటారు అని కూడా అన్నాడు. అంటారు. ఆన్‌లైన్‌లో కూర్చుని, ఆ వేసవిలో రెండు వారాల సంగతి, ఏడంతస్తుల సంగతి, డైనింగ్ టేబుల్ సంగతి చెబుదామనుకుంటున్నాను.

తర్వాత అమ్మకి ఫోన్ చేసి, ఆవిడతో ఒకసారి మాట్లాడాలి, ఎప్పుడొస్తుంది అని అడిగాను.

"ఇంకెక్కడి ఆవిడ? మానేసి రెండేళ్ళయింది. మోకాళ్ళు పూర్తిగా పోయాయి. నీకు చెప్పాను కదా" అంది అమ్మ.

చెప్పే ఉంటుంది.